అవ్వ ఊఁ లేని రికార్డు

కొత్త రికార్డు వచ్చిన అట్టపెట్టె మీద "జాగ్రత్త, సున్నితమైన వస్తువు" అని మూడు భాషల్లో రాసి ఉంది. కొరియర్ అతను దాన్ని గేటు పైనుంచి లోపలికి విసిరాడు. నేను అప్పుడు వాకిట్లోనే ఉన్నాను కాబట్టి చూశాను, లేకపోతే అది కూడా నాకు తెలిసేది కాదు. వాళ్ల ఆఫీసుకు ఫోన్ చేశాను. వస్తువు విరిగిందా మేడం అని అడిగారు. విరగలేదన్నాను. మరింకేం మేడం అన్నారు.

ఈ "మరింకేం" నా బతుకులో చాలామంది అన్నారు. ఎవరెవరు, ఎప్పుడెప్పుడు అన్నారో నాకు గుర్తుంది. ఈ రికార్డు విషయంలో అన్నవాళ్ల గురించే ఇక్కడ రాస్తాను.

అది మా మేనమామ పాడిన రికార్డు. మా అవ్వకు, అంటే మా అమ్మకు, ఆయన ఒక్కడే తమ్ముడు. నేను చంటిపిల్లగా ఉన్నప్పుడు కరీంనగర్ కాలేజీలో చదివే కొందరు కుర్రాళ్లకు గిటార్ల పిచ్చి పట్టింది. వాళ్లు మామ పాడే కథపాటలు ఎక్కడో విన్నారు. డప్పుకు గిటారు, డోలుకు డ్రమ్ములు కలిపి ఒక రికార్డు తీశారు. బయటికొచ్చాక అది ఎవరికీ నచ్చలేదు. ఊళ్లవాళ్లు మన పాటలో ఈ ఇంగ్లీషు చప్పుడేంది అన్నారు. పట్నం వాళ్లు ఈ డప్పేంది అన్నారు. అమ్ముడుపోని కాపీలు ఎవరివి వాళ్ల ఇళ్ల అటకల మీదికి ఎక్కాయి. ఆ కుర్రాళ్లు ఉద్యోగాల్లో పడ్డారు. మామ జైనూర్ దిక్కు ఆశ్రమ పాఠశాలలో పంతులై వెళ్లి, అక్కడే ఇల్లు కట్టుకొని ఉండిపోయాడు.

ఇప్పుడు దాన్ని ఫోక్ రాక్ అంటున్నారు. క్లాసిక్ అంటున్నారు. పాత కాపీ దొరికితే చాలని దేశదేశాల వాళ్లు వెతుకుతున్నారట. నగరంలో ఒక కంపెనీ వాళ్లు పాత టేపును శుభ్రం చేయించి, బరువైన నల్లటి పళ్లెం మీద మళ్లీ అచ్చు వేసి, పుస్తకంలా తెరుచుకునే అట్టలో పెట్టి అమ్మారు. సంగీతాన్ని దాని చప్పుడు కోసమే వినేవాళ్లు కొందరుంటారు కదా, ఒక్కో స్పీకరు మీద నెలలు నెలలు వాదించుకునేవాళ్లు, వాళ్ల కోసమన్నమాట.

నేను ఆ రకం కాదు. నాకు ఆ రికార్డులో కావాల్సింది ఒక్కటే. మా అవ్వ గొంతు.

అవ్వ పాట పాడలేదు. ఊ కొట్టింది. కథపాట ఒక్కరితో అయ్యేది కాదు. పాడేవాడు ఒక చరణం ముగించి ఆగుతాడు. వినేవాళ్లలో ఒకరు ఊఁ అనాలి. వింటున్నాం, నిద్రపోలేదు, తర్వాతేమైందో చెప్పు అని దాని అర్థం. ఊఁ రాకపోతే పాడేవాడికి కాళ్లు కట్టేసినట్టే. మామకు చిన్నప్పటి నుంచి ఊ కొట్టింది అవ్వే. వాళ్ల అమ్మానాన్నలు పొలంలో ఉంటే ఈ ఇద్దరూ నులకమంచం మీద పడుకొని, ఆయన కథ అల్లుతూ, ఆమె ఊ కొడుతూ పొద్దు గడిపేవాళ్లట.

రికార్డింగు కరీంనగర్‌లోనే, మూతబడిన ఒక సినిమా హాల్లో జరిగింది. గోడలకు పరుపులు కట్టారు. మామ మైకు ముందు నిలబడి మొదటి చరణం పాడి ఆగాడు. కుర్రాళ్లు ఆయన దిక్కు చూశారు. ఆయన కుర్రాళ్ల దిక్కు చూశాడు. ఊ కొట్టరేంది అన్నాడు. గిటార్ పట్టుకున్న ఒకడు మొహమాటంగా ఊఁ అన్నాడు, అదీ చరణం సగంలో. మామకు కోపమొచ్చి బయటికి వెళ్లి బీడీ ముట్టించాడు. ఆ పూట అట్లాగే పోయింది. చివరికి నస్పూర్‌కు మనిషిని పంపారు. అప్పుడు మా బాపుది బొగ్గుబాయిలో పని, మేం కంపెనీ క్వార్టర్‌లో ఉండేవాళ్లం. అవ్వ సద్ది గిన్నె కట్టుకొని, నన్ను చంకనేసుకొని బస్సెక్కి వచ్చింది.

నేను ఏడుస్తానని నన్ను లోపలికి రానివ్వలేదు. గేటు దగ్గర కావలి మనిషికి అప్పగించారు. నేను ఏడవలేదట. అయినా రానివ్వలేదు. ఇది అవ్వ నవ్వుకుంటూ చెప్పేది. నాకు ఎన్నడూ నవ్వు రాలేదు. మా అవ్వ గొంతు రికార్డు చేసిన ఒకే ఒక్క రోజు నేను తలుపు అవతల ఉన్నాను.

పాత రికార్డులో ఆ ఊఁలు అన్నీ ఉండేవి. గిటార్ సన్నగిల్లే చోట, మామకు కొంచెం వెనకనుంచి వచ్చేవి. ఒక్కోటి ఒక్కో తీరు. రాజు వేటకు బయల్దేరితే పొట్టిగా, పోతే పోనీ అన్నట్టు. అబద్ధమాడినవాడు దొరికిపోతే కొంచెం సాగదీసి. రెండో వైపు చివర ఒక పెద్ద పాట ఉంది, తమ్ముడి ఇంటికి సద్ది పట్టుకొని వచ్చిన అక్క వాగు అవతలి గట్టున నిలబడిపోతుంది. ఆ పాటలో ఊఁలు ముక్కులోంచి వచ్చేవి. ఒకచోట గిన్నె మూత కదిలిన చప్పుడు కూడా ఉంటుంది. ఆ గిన్నె మా ఇంట్లో ఇంకా ఉంది.

అవ్వ పోయి చాలా ఏళ్లయింది. అప్పటికి మా ఇంట్లో ఫోన్లు మాట్లాడటానికే ఉండేవి. ఒక పెళ్లి వీడియోలో అవ్వ ఏదో అంటూ కనిపిస్తుంది, కానీ పైన బ్యాండు మేళం మోగుతుంటుంది. అంటే మా అవ్వ గొంతు ఈ లోకంలో ఒక్క ఆ రికార్డులోనే మిగిలింది. మా ఇంట్లో ఉన్న కాపీ ఒక్కటే.

దాన్ని మా బావ పాడుచేశాడు. అక్క మొగుడు. మంచిర్యాలలో ఎవరో రికార్డులోని పాటలు ఫోన్లోకి ఎక్కించి ఇస్తారని తీసుకెళ్లాడు. నేను ఇవ్వనన్నాను. ఇవ్వు, నీకు నమ్మకం లేదా అని అక్క బుంగమూతి పెట్టింది. ఇచ్చాను. మంచిర్యాల పోయేముందు వాళ్లు ధర్మపురి వెళ్లారు. నరసింహస్వామి దర్శనం, గోదావరి స్నానం, మొక్కు. నడి వేసవి. రికార్డు కారు వెనక అద్దం కింద ఎండలో ఉంది. వాళ్లు తిరిగొచ్చేసరికి అది అప్పడంలా అలలు దేరింది.

బావ దాన్ని నాకు తిరిగిచ్చినప్పుడు అన్న మాట నేను మరిచిపోలేదు. "గింత ప్లాస్టిక్ పళ్లేనికి గంత మొఖం పెడ్తవేంది మరదలా, గా పాటలు యూట్యూబ్‌ల లెవ్వా?"

లేవు. ఇప్పటికీ లేవు. ఆ తర్వాత వాళ్లింట్లో జరిగిన ఏ ఫంక్షన్‌కూ నేను తొందరగా పోలేదు, అన్నం తిని వెంటనే వచ్చేశాను. ఆయనకు అది తెలిసినట్టు లేదు.

కరీంనగర్‌లో ఒక భాయ్ దుకాణం ఉంది. ముందు సెల్‌ఫోన్ కవర్లు వేలాడుతుంటాయి, వెనక గదిలో పాత రేడియోలు, టేపు రికార్డర్లు, రికార్డ్ ప్లేయర్లు. అవి బాగుచేయడం వాళ్ల నాన్న పని, ఈయనకు సరదా. వంకరపోయిన రికార్డును రెండు గాజు పలకల మధ్య పెట్టి వెచ్చబెట్టి చూశాడు. కొంచెం తిన్నగైంది. సూది పెడితే మాత్రం స్పీడ్ బ్రేకర్ల మీద ఆటో పోయినట్టు ఎగిరి ఎగిరి పడింది. మామ గొంతు ఒక ముక్క, గిటార్ ఒక ముక్క. అవ్వ ఎక్కడుందో తెలియలేదు. ఇంకా వెచ్చబెడితే గీతలే పోతాయి మేడం, జర సబర్ చేయండి, ఎప్పుడన్నా ఇంకో కాపీ దొరకొచ్చు అన్నాడు.

నేను సబర్ చేశాను, ఓపిక పట్టి వెతికాను, ఇంకో పాత కాపీ ఎక్కడా దొరకలేదు. అందుకే కొత్త అచ్చు వస్తుందని పేపర్లో చదివిన రోజు నాకు కాళ్లు ఆగలేదు. పాత టేపు నుంచే చేశారట. గీతలు, గరగరలు లేకుండా, ఆ రోజు హాల్లో కూర్చుని విన్నట్టే ఉంటుందట. హాల్లో కూర్చోనివ్వని మనిషిని నేను. అచ్చు కాకముందే నా కాపీ చెప్పి పెట్టుకున్నాను. అక్కకు చెప్పాను. బావ వెనకనుంచి, మళ్లీ వస్తుంది గదా, ఇంక నన్ను ఇడిచిపెట్టుమను అన్నాడు. వినబడేట్టే అన్నాడు.

గేటు మీదినుంచి విసిరిన పెట్టెను పట్టుకొని నేరుగా భాయ్ దుకాణానికి వెళ్లాను. ఆయన షట్టరు సగం దించాడు, ఎవరూ రాకుండా. చేతులు కడుక్కున్నాడు. రికార్డును అంచులతో పట్టుకొని ఆ బరువుకు తలూపాడు. సూది దిగింది. గరగర లేదు. డప్పు మీద మొదటి దెబ్బ పడితే నా గుండె మీద పడ్డట్టే అయింది. మామ గొంతు లేచింది, కుర్ర గొంతు, బీడీ వాసన కూడా వస్తున్నట్టుంది. మొదటి చరణం అయిపోయింది. గిటార్ సన్నగిల్లింది.

ఏమీ రాలేదు.

రెండో చరణం మొదలైంది. అయిపోయింది. అక్కడా ఏమీ లేదు. వట్టి ఖాళీ, నూనె పోసినట్టు నున్నటి ఖాళీ. మొదటిది పొరపాటేమో, రెండోది ఉంటుందేమో అనుకుంటూ రెండు వైపులా చివరి దాకా విన్నాను. వాగు పాటలోనూ లేదు. గిన్నె చప్పుడు కూడా లేదు.

భాయ్ కళ్లు మూసుకొని కూర్చున్నాడు. "గిసొంటి సౌండు గీ దుకాణంల ఎన్నడు రాలే మేడం," అన్నాడు. "మధ్యల ఆ చుప్ ఉన్నది చూడండి, గదే కమాల్."

ఆ చుప్‌లో మా అవ్వ ఉండాలని చెప్పాను. ఆయనకు అర్థం కాలేదు. అర్థమయ్యాక చాయ్ తెప్పించాడు. మరి మిగతాదంతా మంచిగనే ఉన్నది కదా మేడం అన్నాడు, నన్ను ఓదార్చడానికే. నేను చాయ్ తాగకుండా వచ్చేశాను. ఆయన మీద నాకు కోపం లేదు. కానీ ఆ మాట అన్నాడు.

కంపెనీకి రాశాను. రికార్డులో లోపం ఉందని, ప్రతి చరణం చివర ఒక మనిషి గొంతు పోయిందని. చాలా మర్యాదగా జవాబిచ్చి ఇంకో కాపీ పంపారు. అందులోనూ అదే ఖాళీ. మళ్లీ రాశాను. ఈసారి క్షమాపణ కార్డుతో పాటు వాళ్ల కంపెనీ బొమ్మ వేసిన గుడ్డ సంచి వచ్చింది. నేను సంచి అడగలేదని రాశాను. దానికి జవాబు రాలేదు. సంచి మాత్రం గట్టిది, కూరగాయలకు పనికొస్తుంది. దాన్ని చేతిలోకి తీసుకున్న ప్రతిసారీ ఒళ్లు మండుతుంది.

అట్ట లోపల ఒక పెద్దమనిషి రాసిన వ్యాసం ఉంది. గిటార్ తీగలు ఏ రకానివో ఉంది. హాలు పైకప్పు రేకులదని ఉంది. రికార్డింగు రోజుల్లో మిర్చి బజ్జీలు తెచ్చిన హోటలాయనకు కృతజ్ఞతలు ఉన్నాయి. నస్పూర్ నుంచి బస్సెక్కి వచ్చిన ఆడమనిషి గురించి ఒక్క ముక్క లేదు. పైగా ఇంటర్నెట్‌లో ఈ రికార్డు గురించి మాట్లాడుకునే వాళ్లందరూ మెచ్చుకున్నది ఆ ఖాళీనే. గాయకుడు చరణానికీ చరణానికీ మధ్య వదిలిన మౌనం ఎంత లోతుగా ఉందో అని ఒకాయన, పాట వెనక నిశ్శబ్దం ఎంత చిక్కటి నలుపో అని ఇంకొకాయన. అది మౌనం కాదు, అక్కడ మా అవ్వ ఉండేది అని కింద రాశాను. మీ స్పీకర్లు మార్చి చూడండి మేడం అని ఒకరు జవాబిచ్చారు. దానికి చాలామంది బొటనవేలు చూపించారు.

చివరికి కంపెనీ నుంచి ఒక అమ్మాయి ఫోన్ చేసింది. మెత్తటి గొంతు. ఆమె మీద అరవాలని సిద్ధంగా ఉన్నాను. శుభ్రం చేసే యంత్రానికి ఊఁ అంటే ఏంటో తెలియక దుమ్ము అనుకొని ఊడ్చేసిందా అని అడిగాను.

"లేదు మేడం, మా ఇంజనీర్‌గారికి అవి చాలా ఇష్టం. ఉంచుదామనే అన్నారు. సింగర్‌గారే ఒప్పుకోలేదు. అసలు టేపు ఆయన దగ్గరే ఉంది కదా, ఆ ఆడ గొంతు తీసేస్తేనే ఇస్తానన్నారు. మా దగ్గర వేరే కాపీ కూడా ఉంచకూడదని దగ్గర కూర్చుని తీయించారు."

ఆ అమ్మాయే నెమ్మదిగా చెప్పింది. అసలు టేపు ఆయనకే తిరిగిచ్చేశారట. ఆయన ఒప్పుకొని ఆ టేపు మళ్లీ తెచ్చిస్తే, రెండో అచ్చులో పెట్టడానికి వాళ్ల సార్‌ను అడుగుతుందట.

టేపు ఉంది. జైనూర్‌లో ఉంది. నాకు అంతకుమించి ఏమీ వినబడలేదు.

మామతో నేను మాట్లాడక చాలా ఏళ్లు. అవ్వ దినాల నాటి నుంచి. ఆమె చివరి రోజుల్లో కరీంనగర్ ఆస్పత్రిలో పడుకొని తమ్ముడిని చూడాలని అడిగింది. నేను ఫోన్ చేసి ఆమె చెవి దగ్గర పెట్టాను. వస్తున్న అక్కా అన్నాడు మామ. ఆమె ఊఁ అన్నది. అది వానాకాలం. వాగు పొంగి ఘాట్ రోడ్డు మీద బస్సులు ఆగాయని కబురొచ్చింది. వాగు తగ్గింది. బస్సులు తిరిగాయి. ఆయన రాలేదు. అవ్వ కళ్లు తలుపు దిక్కే పెట్టుకొని ఉండేది. ఆయన వచ్చింది ఆమె పోయాకే.

అది నేను ఎట్లా మరిచిపోతాను?

కరీంనగర్‌లో ఎక్కిన బస్సు గోదావరి దాటి నస్పూర్ మీదుగానే పోయింది. మా పాత క్వార్టర్ల వరుస కిటికీలోంచి కనబడింది, కొన్నింటికి కొత్త రంగులు. మంచిర్యాలలో మారి, ఆసిఫాబాద్‌లో మారి, కెరమెరి ఘాట్ ఎక్కాను. ఆ మలుపుల్లో పొడుగునా మామకు ఏమేం చెప్పాలో వరుస పేర్చుకుంటూ పోయాను. బావను కూడా కలుపుకున్నాను, సందర్భం వస్తే ఉండనీ అని.

మామ అరుగు మీద కూర్చొని ఉన్నాడు. చిన్నగా అయిపోయాడు. చొక్కా భుజాలు దిగజారి ఉన్నాయి. నన్ను చూసి లేవబోయి, గోడ పట్టుకొని ఆగాడు. "వచ్చినవా బిడ్డా," అన్నాడు, నేను నిన్ననే పోయి ఇవ్వాళ వచ్చినట్టు. అత్త లోపలినుంచి వచ్చి నీళ్లిచ్చి, మా ఇద్దరి మొఖాలూ చూసి, రొట్టె చేస్త అని మళ్లీ లోపలికే పోయింది. కంపెనీ వాళ్లు ఆయనకిచ్చిన కాపీలు కిటికీ పక్కన ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా ఉన్నాయి. వాటి మీద అత్త పప్పు డబ్బాలు పెట్టింది.

కూర్చోకుండానే అడిగాను. "అవ్వ ఊఁ నువ్వే తీసెయ్యమన్నవంట."

"అన్న."

"ఎందుకు?"

ఆయన నా దిక్కు చూశాడు. కోపం లేదు. "నువ్వే గదనే అన్నది," అన్నాడు.

నాకు వెంటనే తట్టలేదు. నేనేదీ మరిచిపోనని అందరూ అంటారు, ఆ ఒక్క నిమిషం మాత్రం నాకు తట్టలేదు. తర్వాత తట్టింది. అవ్వ దినాల నాడు, నస్పూర్‌లో, షామియానా కింద, చుట్టపక్కాలు బంతిలో కూర్చున్నప్పుడు ఎవరో మామను ఒక పాట పాడమన్నారు, అక్కకు ఇష్టమైనది అని. ఆయన గొంతు సవరించుకున్నాడు. నేను వడ్డిస్తున్న గరిట పట్టుకొనే ఆయన ముందుకు వచ్చాను. మా అవ్వ బతికినన్ని దినాలు నీకు ఊ కొట్టింది, ఆమె పిలిస్తే నువ్వు పలకలే, ఇంక మా అవ్వతోని ఊ కొట్టించుకోకు అన్నాను. ఆయన పాడలేదు. బంతి మధ్యలోనే లేచి చెయ్యి కడుక్కున్నాడు.

నేనన్నది తప్పు కాదు. ఇప్పుడు అడిగినా అదే అంటాను. కానీ అది మనిషికి అన్న మాట. రికార్డుకు అనలేదు.

"సిటీ పోరలు మిషిన్ తెచ్చి గా టేపు ఇనిపిచ్చిండ్రు," అన్నాడు మామ. "నేను పాడుతున్న, అక్క ఊఁ అంటున్నది. నేను పాడినప్పుడల్ల అంటున్నది. ఆపుతలేదు. నాకు నీ మాట యాదికొచ్చింది. ఇంక ఎందుకే ఆమెకు గీ చాకిరీ అనిపిచ్చింది. ఎవరో ఎక్కడో బటన్ ఒత్తుతె ఆమె నాకు ఊ కొట్టాల్నా?"

ఆస్పత్రికి ఎందుకు రాలేదని నేను అడగలేదు. ఆయనే చెప్పాడు. వాగు ఒక్క దినమే ఆపిందట. తర్వాత ఆయనే రాలేదట. అక్కను ఆ మంచం మీద చూడబుద్ధి కాలేదట. ఇన్నేళ్లు చుట్టాలతో నేను అదే అన్నాను, ఆయన వాగు అన్నాడు. ఇప్పుడు నేను గెలిచాను. ఆ గెలుపును ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

టేపు ఏదని అడిగాను. ఇవ్వు, కంపెనీ వాళ్లు మళ్లీ పెడతామంటున్నరు, నేనన్న మాట నేనే ఎనక్కి తీసుకుంట అన్నాను. ఆ మాట అనడానికి నాకు ఎంత కష్టమైందో మామకు తెలుసు. నన్ను పుట్టినప్పటి నుంచి ఎరుగును.

"లేదు బిడ్డా."

"లేదంటే?"

"ధర్మపురి గోదావరిల కలిపిన. అక్క బొక్కలు కలిపిన కాడనే." రెండు చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు. "వాళ్లు టేపు మల్ల ఇచ్చిన్రు గదా. ఇంట్ల పెట్టుకోబుద్ధి గాలే. డబ్బా ఇప్పి, పసుపు కుంకుమ పెట్టి తీస్కపోయిన. గదేందని అయ్యగారు అడిగిండు. మా అక్క అని చెప్పిన."

గోధుమరంగు టేపు నీళ్లలో విచ్చుకుంటూ ఎట్లా పోయి ఉంటుందో నాకు కనబడింది. అదే ధర్మపురి. అదే రేవు దగ్గర మా బావ కారు ఎండలో పెట్టాడు. నా రికార్డును ఎండ తిన్నది, టేపును గోదావరి తిన్నది. ఎవరిని తిట్టాలి? కంపెనీని తిడదామంటే వాళ్లు మామ చెప్పింది చెప్పినట్టు చేశారు. మామ కూడా నేను చెప్పింది చెప్పినట్టే చేశాడు. నా చేతిలో ఎప్పుడూ ఫిర్యాదు చేయడానికి ఒక మనిషి ఉండేవాడు. ఆ అరుగు మీద వెతుక్కుంటే ఎవరూ దొరకలేదు.

"నేనన్నది నిన్ను గద మామా, టేపును గాదు గదా," అన్నాను. ఆ మాటలో బలం లేదని నాకే వినబడింది.

"నువ్వు ఒక్క మాటన్న మరువవు," అన్నాడు. "నేను గుడ నీ మేనమామనే గదనే."

లోపల అత్త జొన్నపిండి చరుస్తున్న చప్పుడు. మామ నా చేతిలోని ఫోన్ చూపించి, అందుల పాట పడుతదా అని అడిగాడు. పడుతుందన్నాను. "మిగిలింది గీ గొంతే. పట్టుకో," అన్నాడు.

ఫోన్ ఆన్ చేసి మా మధ్య పెట్టాను. ఆయన వాగు పాట ఎత్తుకున్నాడు. గొంతు పైకి పోవలసిన చోట పోలేదు, పక్కనుంచి తిరిగి వచ్చింది. డప్పు లేదు, అరుగు మీద అరచేత్తో దరువు. అక్క సద్ది పట్టుకొని గట్టు దాకా వచ్చింది. మొదటి చరణం ముగిసింది. ఆయన ఆగి నా దిక్కు చూశాడు.

ఊఁ అనాలి. ఒక్క ముక్క, నోరు తెరవాల్సిన పని కూడా లేదు. నేను అంటే ఇంక అవ్వ స్థానంలో నేను కూర్చున్నట్టేనని, ఆమె ఇక రాదని ఒప్పుకున్నట్టేనని అనిపించింది. అనకపోతే పాట ముందుకు పోదు. ఆయన చూస్తున్నాడు. నేను కింద ఫోన్ మీద తిరుగుతున్న అంకెలు చూస్తున్నాను. కొత్త రికార్డులో అందరూ మెచ్చుకున్న ఆ ఖాళీ, సరిగ్గా అదే, మా ఇద్దరి మధ్య ఉంది.

"ఊఁ," అన్నది లోపలినుంచి అత్త.

తలెత్తి కూడా ఉండదు. రొట్టె పెనం మీద వేస్తూ అనేసింది, ఇన్నేళ్లు ఆ ఇంట్లో ఆమె పని అదే అన్నట్టు. మామ మొఖం అటు తిరిగింది. రెండో చరణం ఎత్తుకున్నాడు.

ఆ ఊఁ నేను అనాల్సింది. తర్వాతి చరణానికి అందామని సిద్ధంగా కూర్చున్నాను. ఆయన ఆగీ ఆగకముందే అత్త అనేసింది. దాని తర్వాతదీ అంతే. పాట అయిపోయేదాకా నాకు సందు దొరకలేదు.